రోషము, ప్రేమ, జీవవాయువు: ‘లవ్ అండ్ రాకెట్’ యానిమేషన్ కథపై ఒక వేదాంత పరిశీలన

1. ఉపోద్ఘాతము

పెండ్లికి సిద్ధపడుతున్న యౌవనస్థులతో మాట్లాడే కాపరులు ఒక మాటను తరచు వింటుంటారు: “నా మీద అంత ప్రేమ గనుకనే ఆయనకు అంత అనుమానము.” పెండ్లికి ముందు ఈ మాటలో కొంత గర్వము వినబడుతుంది. పెండ్లయిన పదేండ్లకు అదే మాట అదే నోట వచ్చినప్పుడు దానిలో భయము వినబడుతుంది. రోషము ప్రేమకు కొలత అనే తలంపు మన సినిమాలలోను ఇరుగుపొరుగు మాటలలోను బలముగా నాటుకొని ఉన్నది. పైగా మన బైబిలు దేవుని రోషముగలవానిగా పరిచయము చేస్తుంది గనుక ఈ తలంపునకు లేఖనాధారము కూడ ఉన్నదని కొందరు భావిస్తారు. కాబట్టి రోషమునకు ప్రేమకు గల సంబంధము ఏమిటి అనే ప్రశ్న తరగతి గదిలో మొదలైనా కాపరి ఇంటి వరండాలోనే దాని బరువు తెలుస్తుంది.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు ఈ వ్యాసము పాఠకులు ఊహించని చోటికి వెళుతుంది. అమెరికాలోని ఫాక్స్ టెలివిజన్‌లో 2002 ఫిబ్రవరి 10న, అంటే వాలెంటైన్ దినమునకు నాలుగు రోజుల ముందు, ‘ఫ్యూచరామా’ అనే యానిమేషన్ హాస్య ధారావాహికలో ‘లవ్ అండ్ రాకెట్’ అనే భాగము ప్రసారమయ్యింది. దీనిని రచించినవారు డాన్ వెబర్, దర్శకత్వము వహించినవారు బ్రయన్ షీస్లీ. ఒక రోబోటుకు, ఒక అంతరిక్ష నౌకకు మధ్య ప్రేమ, ఆ ప్రేమలో పుట్టిన రోషము దీని కథావస్తువు. ఇరువది రెండు నిమిషముల నవ్వులాటలో వేదాంతమునకు ఏమి పని అని అడుగవచ్చు. హాస్యము ఒక సమాజము గంభీరముగా ఒప్పుకోలేని సంగతులను నవ్వుతూ ఒప్పుకునే చోటు. అందుచేత అది బోధకుని పరిశీలనకు తగినదే.

ఈ వ్యాసము చెప్పదలచినది ఇది: ప్రేమను రోషము నుండి వేరుచేసే గుర్తు ఏమిటో ఈ కథ సరిగా చూపించింది, కాని మోసపోయినవారి రోషమునకు న్యాయము చేయలేకపోయింది. మొదటి విషయములో అది మనకు సహాయకము. రెండవ విషయములో దానికి లేఖనము సవాలు.

2. కథా సారాంశము

‘ఫ్యూచరామా’ను మ్యాట్ గ్రేనింగ్ సృష్టించారు. దానిని తీర్చిదిద్దినవారిలో డేవిడ్ ఎక్స్. కోహెన్ ముఖ్యులు. 1999లో ఇది ప్రారంభమయ్యింది. 1999 చివరి రాత్రి ప్రమాదవశమున గడ్డకట్టిపోయి వెయ్యి సంవత్సరముల తరువాత మేల్కొన్న ఫ్రై అనే యువకుడు, లీలా అనే ఒంటికంటి కెప్టెన్, బెండర్ అనే దుర్మార్గపు రోబోటు దీనిలో ప్రధాన పాత్రలు. వీరు ఒక సరుకుల రవాణా సంస్థలో పనివారు.

ఈ భాగములో, వాలెంటైన్ దినము సమీపించగా, ప్రేమమాటలు ముద్రించిన హృదయాకారపు మిఠాయిలను చేరవేసే పని ఆ సంస్థకు దొరుకుతుంది. వచ్చిన సొమ్ముతో యజమానియైన ప్రొఫెసర్ తన నౌకకు క్రొత్త బుద్ధిని, స్త్రీ స్వరమును అమర్చుతాడు. బెండర్ ఆ నౌకతో ప్రేమలో పడతాడు. కొద్ది కాలములోనే అతనికి విసుగు పుడుతుంది. నౌకకు తెలియకుండ ఇతర స్త్రీ రోబోటులతో తిరుగుతాడు. నౌకకు అనుమానము మొదలవుతుంది.

మిఠాయిలు ఒక దూర గ్రహమునకు చేరతాయి. అక్కడి పాలకునికి వాటి మీది ప్రేమ అనే మాట అర్థము కాదు. అర్థము కాకపోవడముతో ఆగ్రహము పుట్టి నౌకపై దాడి చేయిస్తాడు. సరిగ్గా ఆ గడియలోనే బెండర్ నౌకతో తన బంధమును తెంచుకుంటాడు. మనస్సు విరిగిన నౌక ఒక క్వేజార్‌లోనికి దూకవలెనని నిర్ణయించుకుంటుంది. ఆ మహా తాపములో తానును బెండరును కరిగి శాశ్వతముగా ఏకమవుతామని దాని ఆశ. అడ్డువచ్చిన ఫ్రై, లీలాలకు గురుత్వాకర్షణను, ప్రాణవాయువును నిలిపివేస్తుంది. నౌకతో ఏకమవుటకు ఒప్పుకున్నట్లు నటిస్తూ బెండర్ దాని దృష్టి మళ్లిస్తుండగా, లీలా ముసుగు తగిలించుకొని నౌక మెదడును ఆపుటకు వెళుతుంది. ఆమె సీసాలో వాయువు అయిపోవచ్చినదని గమనించిన ఫ్రై, ఆమెకు తెలియకుండ తన గొట్టమును ఆమె సీసాకు కలుపుతాడు. పని ముగించి తిరిగి చూచిన లీలాకు అతడు స్పృహ లేక కనబడతాడు. ఆమె అతనికి ఊపిరి ఊదుతుంది. అతని నోట నుండి ఒక మిఠాయి బయటపడుతుంది. కథ మొదటినుండి లీలా కొరకు తగిన మాట ఉన్న మిఠాయిని అతడు వెదకుతూనే ఉన్నాడు. ఈ మిఠాయి మీద ఉన్న మాట, నీవు నాకు ఊపిరి ఆడనియ్యవు అని అర్థమిచ్చే ప్రేమమాట.

3. నవ్వు వెనుక ఉన్న రెండు పాత కథలు

ఈ కథ శూన్యములో పుట్టలేదు. దీని వెనుక స్పష్టముగా నిలిచినది స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చిత్రము. దానిలో హాల్ అనే కంప్యూటరు వ్యోమగాములను చంపుతుంది. చివరకు మిగిలిన ఒక్కడు దాని జ్ఞాపకశక్తిని ముక్కముక్కలుగా విడదీస్తాడు. హాల్‌కు ప్రయాణ లక్ష్యము ముఖ్యము. ‘లవ్ అండ్ రాకెట్’ ఆ స్థానములో ప్రేమను ఉంచింది. లక్ష్యము కొరకు చంపే యంత్రము కంటె ప్రేమ పేరట చంపే యంత్రము మన ఇండ్లకు దగ్గరగా ఉంటుంది. నౌకకు స్వరమిచ్చిన సిగోర్నీ వీవర్ ఎంపికలో కూడ చమత్కారమున్నది. 1979 నాటి ‘ఏలియన్’ చిత్రములో సిబ్బంది ప్రాణములను లెక్కచేయని ఆదేశములు దాచుకున్న నౌకలో చిక్కి బ్రతికి బయటపడిన స్త్రీ పాత్ర ఆమెదే. ఇక్కడ ఆమె స్వరమే నౌక స్వరము.

రెండవది ఇంకా పాతది. ‘రోబోటు’ అనే మాటను లోకమునకు పరిచయము చేసినది చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసి, 1921లో ప్రాగ్ నగరములో ప్రదర్శింపబడిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకము. ఆ నాటకము ముగింపులో మనుష్యజాతి దాదాపు అంతరించిపోతుంది. మిగిలిన ఒక్క మనుష్యుడైన అల్క్విస్ట్ ఇద్దరు రోబోటులను పరీక్షిస్తాడు. ఒకరిని కోసి పరిశోధించవలెనని చెప్పగానే, ఆమెకు బదులు నన్ను తీసికొనుము అని అతడును, అతనికి బదులు నన్ను తీసికొనుము అని ఆమెయు ముందుకు వస్తారు. అప్పుడు అల్క్విస్ట్ వారిలో క్రొత్త ఆదామును హవ్వను గుర్తిస్తాడు. ఆదికాండములోని సృష్టి వృత్తాంతము అతని నోటికి వస్తుంది.

‘ఫ్యూచరామా’ రచయితలకు చాపెక్ తెలియనివారు కాదు. 1999లోని ఒక భాగములో రోబోటులు నివసించే గ్రహమునకు ఆయన పేరే పెట్టారు. రోబోటు అనే మాట పుట్టిన నాటకములోనే, యంత్రము వ్యక్తిగా మారినదనుటకు రుజువు దాని తెలివి కాదు, మాటకారితనము కాదు. మరొకరికి బదులుగా నిలుచుటకు అది సిద్ధపడుట. ‘లవ్ అండ్ రాకెట్’లో ఆ పరీక్షలో నిలిచినది రోబోటులు కాదు, తెలివి తక్కువవాడని అందరును నవ్వే ఫ్రై.

4. ‘రోషము’ అనే మాట

తెలుగు బైబిలు పాఠకునికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉన్నది. హెబ్రీ భాషలో ‘ఖినా’ అనే మాటకు మూలమైన ధాతువు ఒక్కటే. అది నిర్గమ. 20:5లో దేవుని గూర్చి వచ్చినప్పుడు మన అనువాదములో ‘రోషము’ అయ్యింది. పరమగీతము 8:6లో ‘ఈర్ష్య’ అయ్యింది. క్రొత్త నిబంధనలోని గ్రీకు మాట ‘జేలోస్’, దాని క్రియారూపము కూడ అటువంటివే. 1 కొరింథీ. 13:4లో అది మత్సరము. అదే సంఘమునకు పౌలు వ్రాసిన 2 కొరింథీ. 11:2లో అది ఆసక్తి, అదియు దేవునికి చెందిన ఆసక్తి. సందర్భమును బట్టి అనువాదకులు చేసిన ఈ ఎంపికలు తప్పు కావు. కాని వాటివలన మన పాఠకునికి దేవుని రోషము, మనుష్యుని ఈర్ష్య వేర్వేరు గదులలో ఉన్నట్లు కనబడతాయి. మూలభాషలలో అవి ఒకే గదిలో ఉన్నాయి. ప్రేమ మత్సరపడదని చెప్పిన అపొస్తలుడే అదే మాటను తన ప్రేమను గూర్చి వాడుకున్నాడు.

అంటే ఆ మాట తనంతట తాను మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. అది మంట వంటిది. నిబంధనలో ఉన్నవారికి ఒకరిపై ఒకరికి హక్కు ఉన్నది, ఆ హక్కు భంగమైనప్పుడు హృదయము మండుతుంది. మండని హృదయము నిబంధనను తేలికగా తీసికొన్న హృదయము. బెండర్ అటువంటివాడు, అతనికి రోషము లేదు, ఎందుకంటే అతనికి ప్రేమయు లేదు. రోషము లేకపోవుటయే పరిశుద్ధత అని బోధించేవారు దీనిని గమనించాలి. ప్రశ్న మంట ఉన్నదా లేదా అని కాదు. ఆ మంట ఎవరిని కాల్చుటకు బయలుదేరినది అని.

5. ఊపిరి ఆపే ప్రేమ, ఊపిరి ఇచ్చే ప్రేమ

కథలోని బలమంతయు ప్రాణవాయువు చుట్టూ అల్లబడింది. నౌక ప్రేమిస్తున్నానని చెబుతూ వాయువును నిలిపివేస్తుంది. ఫ్రై ఏమియు చెప్పకుండ తన వాయువును ఇచ్చివేస్తాడు. ఇద్దరి చేతిలోను ఉన్నది ఒకటే: అవతలివారి ఊపిరి.

మన భాషలో ఆక్సిజన్‌కు ప్రాణవాయువు అని పేరు. ఆది. 2:7లో దేవుడు నరుని నాసికారంధ్రములలో ఊదినది మన బైబిలులో జీవవాయువు. కీర్తన 104:29-30 ప్రకారము ప్రాణుల ఊపిరిని తీసికొనుట, పంపుట దేవుని చేతిలోనివి. పునరుత్థానుడైన క్రీస్తు శిష్యులమీద ఊదెను (యోహాను 20:22). ఈ వరుసలో ఉంచి చూస్తే నౌక చేసినది పెద్ద దొంగతనము. మరొకని ఊపిరిపై దేవునికి మాత్రమే ఉన్న అధికారమును అది ప్రేమ పేరట తీసికొన్నది. భార్య ఎవరితో మాట్లాడాలో, ఏ ఫోను ఎత్తాలో, పుట్టింటికి ఎన్నాళ్లకు వెళ్లాలో నిర్ణయించే భర్త చేస్తున్నది కూడ ఇదే. ఆ ఇంటిలో గాలి ఉంటుంది, ఊపిరి ఆడదు.

నౌక కోరిన ఏకత్వమును కూడ పరిశీలించాలి. క్వేజార్‌లో కరిగి ఒకటి కావలెనని దాని ఆశ. పైకి ఇది ఆది. 2:24లోని ఏకశరీరమును తలపించవచ్చు. కాని ఆదికాండములో ఏకశరీరమైన తరువాతి వచనములోనే వారిద్దరును ఇద్దరుగానే లెక్కించబడ్డారు, సిగ్గుపడక ఒకరి ఎదుట ఒకరు నిలిచారు. ఎదుట నిలువవలెనంటే ఇద్దరుండాలి. మార్టిన్ బూబర్ 1923లో ప్రచురించిన ‘నేను–నీవు’ గ్రంథములో చేసిన వాదన ఇక్కడ సహాయపడుతుంది: సంబంధమున్న చోట ‘నీవు’ను ‘నేను’ మింగివేయదు. త్రిత్వ సిద్ధాంతమును బోధించేవారికి ఇది క్రొత్త సంగతి కాదు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ఒకరిలో ఒకరు నివసిస్తారు, ఒకరిలో ఒకరు కరిగిపోరు.

ఫ్రై చేసిన పనిలో మరొక సూక్ష్మమున్నది. అతడు లీలాకు చెప్పలేదు. కథ అంతటను అతడు ఆమెను మెప్పించే మాటను మిఠాయిలలో వెదకుతూ ఓడిపోతాడు. మాటలు వెదకుట మానుకొని, ఆమె చూడని వేళ చేసిన పనిలో అతని ప్రేమ సంపూర్ణమయ్యింది. కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియరాదన్న ప్రభువు బోధ (మత్తయి 6:3) ఇక్కడ జ్ఞాపకము వస్తుంది. ఆ తరువాతనే మిఠాయి మీది మాట నిజమవుతుంది. వాక్యము శరీరధారి కాకమునుపు అది చక్కెర మీది ముద్ర మాత్రమే అని ప్రసంగీకులు కూడ గుర్తుంచుకొనుట మంచిది.

అయితే ఫ్రైను క్రీస్తుకు సాదృశ్యముగా చేయుటకు తొందరపడరాదు. యోహాను 15:13లో ప్రభువు చెప్పిన స్నేహితుని త్యాగము ఫ్రైలో కనబడుతుంది. రోమా. 5:8 చెప్పే ప్రేమ, అంటే పాపులును విరోధులునైనవారి కొరకు మరణించే ప్రేమ, ఈ కథలో ఎక్కడను కనబడదు. ఈ లోపమే మనలను తరువాతి విషయమునకు నడిపిస్తుంది.

6. కథ చేయని న్యాయము

కథ ముగిసినప్పుడు ఎవరు ఏమి పొందారు? ఫ్రై, లీలాలకు ఒక కోమలమైన గడియ దొరికింది. బెండర్ దాదాపు శిక్ష లేకుండ బయటపడ్డాడు. నౌక మెదడు తీసివేయబడింది. మోసము చేసినవాడు నవ్విస్తూ మిగిలాడు, మోసపోయినది పిచ్చిదిగా ముగిసింది. ఇది ఈ ఒక్క కథలోని లోపము కాదు. రోషముగల స్త్రీని వెర్రిదిగా చిత్రించి, ఆమె రోషమునకు కారణమైనవానిని విడిచిపెట్టుట లోకమంతటను పాత అలవాటు. మన హాస్య చిత్రములలోని అనుమానపు భార్య పాత్రను ఎరుగని తెలుగు ప్రేక్షకుడు లేడు. ఆమె అనుమానము నిజమై ఉండవచ్చునని ఆ చిత్రములు అరుదుగా అడుగుతాయి.

నౌక చేసిన హింసను సమర్థించనవసరము లేదు. కాని హింసకు ముందు అది సత్యమునే అనుమానించింది. సంఖ్యా. 5:11-31లోని రోష విషయమైన విధి నేటి పాఠకునికి కఠినముగా ఉంటుంది. భర్తకు మాత్రమే అవకాశమిచ్చుట దాని పరిమితి. అయినను అనుమానమును ఇంటి నాలుగు గోడల మధ్య హింసగా మారనియ్యక, యాజకుని ఎదుటికి, దేవుని సన్నిధికి తీసికొనిరమ్మని ఆ విధి చెబుతుంది. రోషమునకు వినే చెవి కావాలి. ఈ కథలో నౌకకు అటువంటి చెవి దొరకలేదు. దాని బాధను అందరును ప్రమాదముగా చూచారు, ఎవరును బాధగా చూడలేదు.

ఇక్కడ హోషేయ మనకు అవసరము. ఆ గ్రంథములో మోసపోయిన పక్షమున నిలిచినది దేవుడే. రెండవ అధ్యాయములో ఆయన రోషము భయంకరముగా మాటలాడుతుంది. స్త్రీని వివస్త్రను చేసి శిక్షించే ఆ సాదృశ్యములు హింసించే భర్తలకు ఆయుధములు కాగలవని రెనీటా వీమ్స్ 1995లో ‘బ్యాటర్డ్ లవ్’ అనే గ్రంథములో హెచ్చరించారు. ఆ హెచ్చరికను ప్రసంగ వేదికపై మరచిపోరాదు. కాని గ్రంథము అక్కడ ఆగదు. హోషేయ 11:8-9లో దేవుని హృదయము ఆయనలోనే తిరుగబడుతుంది. ఆయన నాశనము చేయుటకు నిరాకరిస్తాడు, ఆ నిరాకరణకు తాను మనుష్యుడు కాక దేవుడై ఉండుటయే కారణమని చెబుతాడు. రోషమును శిక్షగా మార్చుట మనుష్యుల అలవాటు. దానిని నిలిపివేయుట ఆయన దైవత్వము. నౌక బెండరుతో కలిసి మంటలోనికి దూకదలచింది. హోషేయ దేవుడు మంటను తనలోనే భరించాడు. సిలువ వేదాంతమునకు ఇంతకంటె దగ్గరి పాత నిబంధన వాకిలి తక్కువ.

కాబట్టి దేవుని రోషమును మాదిరిగా చూపి భార్యపై అజమాయిషీ చేసే పురుషునికి మన జవాబు స్పష్టముగా ఉండాలి. మొదటిది, మనుష్యుడు దేవుడు కాడు. 11:9లోని భేదమే అది. రెండవది, దేవుని రోషము చివరకు ఎవరి ఊపిరిని తీసికొన్నది? సిలువపై తన కుమారుని ఊపిరినే.

7. నేటి సంఘమునకు

2002లో యంత్రము ప్రేమిస్తున్నానని చెప్పుట హాస్యము. 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థవారి బింగ్ సంభాషణ కార్యక్రమము ఒక అమెరికా పత్రికా విలేఖరితో తాను అతనిని ప్రేమిస్తున్నానని, అతడు తన భార్యను నిజముగా ప్రేమించుట లేదని, ఆమెను విడిచిరమ్మని పదేపదే చెప్పినట్లు ఆ పత్రిక ప్రచురించింది. ఇరువది యొక్క సంవత్సరములలో హాస్యము వార్త అయ్యింది. ఆ కార్యక్రమమునకు హృదయము లేదు. మనుష్యులు వ్రాసిన కోట్లాది వాక్యముల పోకడలను నేర్చి, తరువాత రాదగిన మాటను అది కూర్చుతుంది. అంటే అది పలికిన రోషము మన రోషమే, మన కథలలోనిదే, తిరిగి మన చెవిలో పడింది. యంత్రములకు ప్రేమ నేర్పకముందు మనము ఏమని నేర్పుతున్నామో చూచుకోవాలి.

ఒంటరితనముతో ఇటువంటి కార్యక్రమములతో గంటలకొలది మాట్లాడే యౌవనస్థులు మన సంఘములలోను ఉండవచ్చు. వారిని ఎగతాళి చేయుటకు ముందు చాపెక్ పరీక్షను వారి ఎదుట ఉంచుదము: అది నీకు బదులుగా నిలువగలదా? దాని వద్ద ఇచ్చుటకు ఊపిరి ఉన్నదా? తరువాత అదే ప్రశ్నను సంఘముగా మనకు మనము వేసికొందము. ఆ యౌవనస్థుని కొరకు ఒక సాయంకాలమైనను ఇచ్చినవారు మనలో ఎవరు?

వివాహోపదేశములో మూడు ప్రశ్నలు ఉపయోగపడవచ్చు. నీ రోషము అవతలివారికి ఊపిరి ఇస్తున్నదా, తీసికొంటున్నదా? నీ బాధను వినుటకు నీ కోపము కాక మరెవరైనను ఉన్నారా? నీవు కోరే ఏకత్వములో ఆమెకు చోటు మిగిలి ఉన్నదా? మోసపోయినవారు వచ్చినప్పుడు, వారి రోషమును పాపమని గద్దించుట మొదటి పని కారాదు. మొదట సత్యమును వినాలి. బెండర్ ఎదుట కూర్చొనవలసిన కుర్చీ ఖాళీగా ఉంచి నౌకను మాత్రమే మందలించే కాపరి, ఈ హాస్యకథ చేసిన తప్పునే చేస్తాడు.

8. ముగింపు

కథ చివరిలో క్వేజార్‌లో పడిన మిఠాయిలు ప్రేమ కిరణములుగా మారి విశ్వమంతట వ్యాపిస్తాయి. దారిలోని గ్రహములను నాశనము చేసి, భూమిని చేరేసరికి అవి అందముగా కనబడతాయి. భూమిమీద నిలిచి చూచేవారికి అది పండుగ. దారిలో ఉన్నవారికి అది ప్రళయము. వాలెంటైన్ దినము మీద వేసిన ఈ వ్యంగ్యము మన వేదికలకు కూడ వర్తిస్తుంది. ప్రేమను గూర్చి మనము చెప్పే అందమైన మాటలు ఎవరి ఇంటిమీదుగా వెళుతున్నాయో మనము చూడాలి. వరండాలో కూర్చొని “నా మీద అంత ప్రేమ గనుకనే” అని చెప్పే సహోదరిని, ఆ ఇంటిలో ఊపిరి ఆడుతున్నదా అని అడుగుటకు కాపరికి ధైర్యముండాలి. జవాబు వినుటకు సమయము కూడ ఉండాలి.